మార్చి ఎనిమిది పువ్వులు

వై టూ కే పనులకని మా ఆయన్ని కంపెనీ పిలిస్తే సింగపూర్ వచ్చాం. నాకు అర్థశాస్త్రంలో డాక్టరేట్ ఉందని ఇక్కడి తెలుగువాళ్లకి పార్టీ పార్టీకీ కొత్తగా చెప్పుకోవాల్సి వచ్చేది. చివరికి ఒక యూనివర్సిటీలో ఏడాది కాంట్రాక్టు మీద రీసెర్చ్ ఉద్యోగం దొరికింది. ఆడవాళ్లు ఇంట్లో చేసే జీతంలేని పని మీద పరిశోధన. ఆ ఏడాది అయిపోవస్తోంది, పొడిగిస్తారో లేదో ఎవరూ చెప్పరు. నాకు ఒకచోట కాలు నిలిచేది కాదు.

పక్క గదిలో బల్గేరియా నుంచి వచ్చిన పెద్దావిడ ఉండేది. వాళ్ల దేశంలో మార్చి ఎనిమిది, మహిళా దినోత్సవం, పెద్ద పండగని ఎక్కడో చదివి, ఆ రోజు పొద్దున్నే పువ్వులు పట్టుకెళ్లాను. సంతోషిస్తుందనుకుంటే మొహం ముడుచుకుంది.

"మా డిపార్ట్‌మెంట్‌లో మగవాళ్లు ఏటా పువ్వులిచ్చేవాళ్లు," అంది. "తర్వాత మేమే టేబుల్ సర్ది, కేక్ కోసి వాళ్లకి పెట్టేవాళ్లం. కమ్యూనిస్టు ప్రభుత్వం పోయాక, జీతాలు చాలక వాళ్లు వ్యాపారాల్లోకి పోయారు. క్లాసులన్నీ మా నెత్తిన పడ్డాయి. పిల్లల క్రెష్‌లు మూసేశారు, అదీ మా నెత్తినే. హెడ్ కుర్చీ మాత్రం రాలేదు. అన్నిటికీ థాంక్యూ చెప్పాం."

నాకు తల కొట్టేసినట్టయింది. పువ్వుల్ని ఆవిడే గ్లాసులో నీళ్లు పోసి పెట్టింది.

మధ్యాహ్నం మా హెడ్ పిలిచాడు. ఉద్యోగం పొడిగిస్తున్నామన్నాడు, కాకపోతే ఒంటిపూటే.

"మీ హస్బెండ్ ఐటీలో ఉన్నారుగా. పాప కూడా ఉంది. మీకు వీలుగా ఉంటుందనే," అని నవ్వాడు, వరమిస్తున్నట్టు.

థాంక్యూ నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ఒళ్లు మండిపోతోంది.

"నాతోపాటు చేరినాయన భార్య బ్యాంకులో పనిచేస్తుంది. ఆయనకీ ఒంటిపూటేనా?" అనడిగాను.

హెడ్ కళ్లజోడు తుడుచుకుంటూ, అలా పోల్చకూడదన్నాడు. ఒంటిపూటైతే నాకొద్దన్నాను. అయితే విషయం కమిటీ ముందు పెడతానన్నాడు.

జురాంగ్ ఈస్ట్‌లో రైలు మారుతూ మా ఆయనకి ఫోన్ చేశాను.

"ఒంటిపూట ఇస్తామన్నారు. వద్దన్నాను."

"వద్దన్నావా? పాపని నువ్వే స్కూల్నుంచి తెచ్చుకునేదానివిగా. మొత్తానికే ఎసరొస్తే?" అన్నాడు.

"పోతే పోనీ."

అనడమైతే అన్నాను. ఆ ఉద్యోగం నాకెంత కావాలో ఫోన్ పెట్టేశాకే తెలిసింది. మేముండే బుకిట్ బటోక్ అక్కణ్ణించి ఒక్క స్టేషనే. బోలెడు సీట్లు ఖాళీగా ఉన్నా కూర్చోలేక, తలుపు దగ్గరే నిలబడ్డాను.