మగ్దలీన టీచరు అడిగిన బీమా

మగ్దలీన టీచరుకు నోరు పెద్దదని బడిలో అందరూ అనేవారు. పిల్లల మీద ఎన్నడూ లేవని ఆ నోరు పెద్దల దగ్గర మాత్రం ఊరుకునేది కాదు. వజ్రపుకొత్తూరు మండలంలో, సముద్రపు హోరు వినబడే ఊళ్ళో, మన్మథరావు గారు నడిపే ఇంగ్లీషు మీడియం బడిలో ఆమె ఏళ్ళ తరబడి సైన్సు చెప్పింది. భర్త జాకబ్‌కు పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలో పని.

తిత్లీ తుఫానుకు బడి రేకులు లేచిపోయి కొబ్బరితోటలో పడ్డాక మన్మథరావు గారికి భయం పట్టుకుంది. అప్పటినుంచి ఏటా బడికి బీమా చేయిస్తున్నాడు. భవనానికి, వ్యానుకు, కంప్యూటర్లకు, బెంచీలకు, ఆటల్లో పిల్లలకు తగిలే దెబ్బలకు కూడా. టీచర్ల మాట ఆయనకు తట్టలేదు. వాళ్ళూ అడగలేదు.

లెక్కల మాస్టారు త్రినాథ్ పోయాక మగ్దలీన అడిగింది. ఆ ఉద్దానం ప్రాంతంలో చాలామంది పోయినట్టే కిడ్నీ జబ్బుతో పోయాడాయన. ముందు కాళ్ళు వాచాయి, తర్వాత పలాసలో డయాలసిస్, ఆ తర్వాత విశాఖపట్నం. భార్య జీడితోట అమ్మి తిప్పింది. తోటా దక్కలేదు, మనిషీ దక్కలేదు. ఆయన దినం అయిన మర్నాడే మగ్దలీన కరస్పాండెంటు మన్మథరావు గదిలోకి వెళ్ళింది.

"బెంచీ ఇరిగితే కంపెనీ ఇత్తాది. త్రినాథ్ మాస్టారు పోతే ఎవులూ ఏటీ ఇవ్వనేదు. బెంచీ పాటి సెయ్యమేటి బాబూ మేము?"

మన్మథరావు చెడ్డవాడు కాదు. "సరేనమ్మా, కనుక్కుంటాను" అన్నాడు.

టెక్కలి నుంచి వైకుంఠరావు అనే ఏజెంటు వచ్చాడు. మర్యాదస్తుడు. టీచర్లందరినీ కూర్చోబెట్టి, "ఉద్దానం అనీసరికి కంపెనీవోలు ఆలోసిత్తారండి. ముందు అందరూ రక్తం పరీచ్చకి ఇవ్వాల" అన్నాడు.

ఆ ప్రాంతంలో ఒంట్లో బాగోకపోయినా పరీక్షకు వెళ్ళనివాళ్ళే ఎక్కువ. తెలుగు టీచరు వసంత లేచి, "తెలిసి ఏటి సేత్తాం? నాను ఇవ్వను" అంది. మగ్దలీన అందరికంటే ముందు వెళ్ళి, ఏజెంటు వెంట వచ్చిన ల్యాబు కుర్రాడి ముందు చెయ్యి చాపింది. ఆమెను చూసి ఒక్కొక్కరే లేచారు. చివరికి వసంత కూడా.

కొన్నాళ్ళకు మన్మథరావు ఆమెను పిలిపించాడు.

"కంపెనీ ఒప్పుకుందమ్మా. జొరాలు, ఆపరేషన్లు, కాన్పులు, పాముకాటు, అన్నీ ఉన్నాయి. కిడ్నీ జబ్బొకటే నేదు."

"దానికోసరమే కదండి అడిగినాం!"

ఆయన రిపోర్టుల కవరు ముందుకు తోశాడు. "ఇంకోటుంది. నీ రిపోర్టు బాగోనేదు తల్లీ. సింధూరది కూడా."

మగ్దలీన తన కాళ్ళవైపు చూసుకుంది. కొన్ని నెలలుగా సాయంత్రానికి చెప్పులు బిగుసుకుపోతుంటే, రోజంతా నిలబడే ఉద్యోగం కదా అని సరిపెట్టుకుంది. పిల్లలకు కిడ్నీల పాఠం చెప్పే మనిషే.

"సింధూరకి సెప్పినారా?"

"నువ్వే సెప్పాలమ్మా. నా వల్ల కాదు."

సింధూర చిన్నపిల్లల క్లాసులకు ఇంగ్లీషు చెప్పేది. నవ్వుతూ తిరిగే పిల్ల. సాయంత్రం పిల్లలు వెళ్ళిపోయాక మగ్దలీన ఆమెను వరండాలో కూర్చోబెట్టి, నొప్పి మాత్రలు మింగవద్దని, పెద్దాసుపత్రిలో చూపించుకోమని, ఇంకా మొదట్లోనే ఉందని మెల్లగా చెప్పింది. సింధూర కళ్ళు తుడుచుకోలేదు.

"నాను అడిగినానా టీచర్? నాకెందుకు తెలిసేలా సేసినారు?"

ఆ వారమే ఆ పిల్ల బడి మానేసింది. తండ్రి బరంపురం తీసుకెళ్ళి చూపిస్తున్నాడని విన్నారు. ఆ తర్వాత సంతలో ఎదురుపడినా ఆ ఇంటివాళ్ళు మగ్దలీనతో మాట్లాడలేదు.

"ముందే తెలిసినాది, మంచిదే కదా" అన్నాడు జాకబ్.

"ఏటి మంచిది బావా? ఇప్పుడు రోజూ తెలిసి బతకాల."

మందులు జబ్బును కొన్నాళ్ళు ఆపాయి. తర్వాత ఆగలేదు. మొహం ఉబ్బింది, మెట్లెక్కితే ఆయాసం. పాఠం మధ్యలో కూర్చోవడం మొదలుపెట్టింది. ఆదివారం ప్రార్థనలో పాస్టరు అంద్రెయ గారు ఆమె పేరెత్తి స్వస్థత కోసం ప్రార్థించారు. అందరూ ఆమేన్ అన్నారు. ఆమె నోరు మాత్రం కదలలేదు.

ఇప్పుడు పలాసలో డయాలసిస్ చేయించుకుంటోంది. ప్రభుత్వం ఉచితంగానే చేస్తుంది. జాకబ్ రాత్రి డ్యూటీకి మారి, పగలు ఆమెను తీసుకొచ్చి తీసుకెళ్తున్నాడు. బడి ఉద్యోగం పోయింది. ఎవరూ పొమ్మనలేదు, వెళ్ళే శక్తే లేకపోయింది.

మొన్న డయాలసిస్ జరుగుతుండగా వసంత ఆసుపత్రికి చూడ్డానికి వచ్చింది. అవీ ఇవీ మాట్లాడాక, కొత్త సైన్సు టీచరు వచ్చిందని చెప్పింది. మందస పిల్లట.

"ఇప్పుడు ఉద్యోగానికొచ్చినోలందరినీ ముందు రక్తం రిపోర్టు తెమ్మంతన్నారు. కంపెనీవోలకి కావాలట. ఈ పిల్లకంటే ముందు ఇంకో పిల్లొచ్చినాది. మన పక్కూరే. రిపోర్టు సూసి వద్దన్నారు" అంది.

మగ్దలీన గొట్టంలో తిరుగుతున్న తన రక్తం వైపు చూసింది.

"అయితే ఆ పిల్లకీ తెలిసిపోనాదన్నమాట" అంది.

వసంత ఆమె దుప్పటి సర్ది, బస్సు వేళయిందని లేచింది.