కర్రెగాడు కాపలా కాసిన పడవ

మా చిన్నప్పుడు… పొద్దున్నే లేవగానే నేను మొదట చూసేది కుక్క పళ్ళు.

మా కర్రెగాడు నల్లటి కుక్క. ఒక చెవి సగమే ఉండేది. పడవ ముందు భాగమంతా దానిదే… మొహం కడుక్కుందామని అటు వెళ్తే గుర్రుమనేది. నేనన్నా దానికి పడేది కాదు. అమ్మ ఒక్కతే మనిషి, మిగతా లోకమంతా దొంగలు. ఇప్పుడు ఆలోచిస్తే దాని లెక్క పెద్ద తప్పేమీ కాదు.

అవును, మేం పడవలోనే ఉండేవాళ్ళం. కోరుట్ల అవతల, గోదావరి మీద. మాది చేపలు పట్టే ఇల్లు. వరుసగా కరువు వచ్చి ఊళ్ళో మగవాళ్ళు బొంబాయి, దుబాయి దారి పట్టారు. నాన్న కూడా వీసా కోసం ఇల్లు అమ్మేసి దుబాయి వెళ్ళిపోయాడు. మాకు మిగిలింది పడవ. వెదురు బద్దలు వంచి పైన టార్పాలిన్ కప్పింది అమ్మ. గంపలో మట్టి నింపి దాని మీద పొయ్యి పెట్టింది. వండుకునే గంజు ఒకటి, తినే తలెలు రెండు, కప్పుకునే గొంగడి ఒకటి… అదే సంసారం.

నదిలో చేపలు దొరికే మడుగులు ఇంటికొకటి అని ఎప్పుడో పంచుకున్నారు. వలసపోయేవాళ్ళు ఎక్కువయ్యాక చేపలు పట్టేవాళ్ళ సంఘం ఒక కట్టుబాటు పెట్టింది… పడవ ఖాళీగా కనిపిస్తే ఆ ఇంటివాళ్ళు నదిని వదిలేసినట్టే, మడుగు సంఘానిదే. నాన్న వెళ్ళగానే మా మడుగు మీద అందరి కళ్ళూ పడ్డాయి. దాంతో అమ్మే వల పట్టింది.

సంఘం పెద్ద లస్మయ్య ఒడ్డు మీద నుంచి అరిచాడు. "ఆడిమనిషి వల ఏసుడేందే? మొగడు దేశం పోయినంక ఓ మూలకు కూసోరాదు!"

"మూలకు కూసుంటె నా బిడ్డ కడుపు నిండుతదా మామా?" అంది అమ్మ, వల విసురుతూనే.

అంతే… మర్నాడు డప్పు కొట్టించి చాటింపు వేయించాడు. మాతో ఎవరూ మాట్లాడకూడదు. మా చేపలు కొనకూడదు. పొయ్యిలోకి నిప్పు కూడా ఇవ్వకూడదు. నిన్నటిదాకా నాతో కచ్చకాయలు ఆడిన పిల్లలు ఒడ్డు మీద నుంచి రాళ్ళు విసిరేవాళ్ళు. వాళ్ళ అమ్మలు చూస్తూ నిలబడేవాళ్ళు… వద్దని ఒక్కరూ అనేవాళ్ళు కాదు. అమ్మ గంప నెత్తిన పెట్టుకుని పక్క ఊళ్ళకు పోయి చేపలు అమ్ముకొచ్చేది. నేనూ కుక్కా పడవలో ఉండేవాళ్ళం. ఎవరైనా దగ్గరకొస్తే నేను ఏడ్చేదాన్ని, అది లేచి మీదికి ఉరికేది.

ఆ వానాకాలం నాకు జ్వరం పట్టుకుంది. కళ్ళు పచ్చబడ్డాయి. జగిత్యాల దవాఖానకు తీసుకుపోవాలి… మరి పడవ ఎవరికి అప్పజెప్పాలి? అమ్మ ఒడ్డున ఇంటింటి ముందూ నిలబడి పిలిచింది. లోపల దగ్గులు వినబడ్డాయి కానీ తలుపు ఒక్కటీ తెరుచుకోలేదు. వెనక్కి వచ్చి గంజు నిండా జొన్న గట్క వండి కుక్క ముందు పెట్టింది.

"ఎవలొచ్చినా ఎక్కనియ్యకు" అంది, మనిషికి చెప్పినట్టే. నన్ను భుజాన వేసుకుని నడిచింది.

దవాఖాన నుంచి తిరిగొచ్చేసరికి సంఘం కొట్టం ముందు అందరూ కూర్చుని ఉన్నారు.

"పడవ ఖాళీగున్నది. నేనే పోయి సూసిన. పురుగు గూడ లేదు. ఇగ మడుగు సంఘానిదే" అన్నాడు లస్మయ్య.

అమ్మ నన్ను కిందికి దించింది. ఆయన కాలి వైపు చూసింది. పిక్కకు పసుపు పట్టించిన గుడ్డ కట్టి ఉంది.

"పురుగు గూడ లేని పడవల నీ పిక్క ఎవలు పీకిండ్లు మామా?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఇంకొకరు…

"కుక్క మనిషి లెక్కనా?" అని గద్దించాడు లస్మయ్య.

"మీరందరు మనుషులే గద… నా బిడ్డకు పానం మీదికి వస్తె ఒక్కలన్న తలుపు తీసిండ్లా? మా ఇంట్ల మిగిలిన మనిషి అదే."

తీర్పు అంటూ ఎవరూ చెప్పలేదు. ఒక్కొక్కరే తుండు దులుపుకుని లేచిపోయారు. మడుగు మాకే మిగిలింది. మాటలు మాత్రం మిగల్లేదు, ఆ తర్వాత కూడా మమ్మల్ని ఎవరూ పలకరించలేదు.

చలికాలంలో నాన్న వచ్చాడు. ఏజెంటు మోసం చేస్తే ఉత్త చేతులతో వచ్చాడు, చిక్కి సగమయ్యాడు. పడవలో కాలు పెట్టబోతే కర్రెగాడు మీదికి లేచింది. అమ్మ కూడా దాన్ని వెంటనే ఆపలేదు.

నాన్న ఒడ్డు మీదే నిలబడి చెప్పాడు. "గీ నీళ్ళల్ల ఏమున్నదే? సిరిసిల్లల సాంచెల మీద బట్ట నేసే పని దొరికింది. ఉండెతందుకు కిరాయి అర్ర గూడ మాట్లాడిన. వచ్చేటప్పుడే లస్మయ్య మామకు చెప్పిన… మడుగు ఇడిసిపెడుతున్నమని."

అమ్మ చేతిలోని వల కింద పెట్టింది.

"ఊరంత మీద వడ్డా నేను మడుగు ఇడువలేదు. నువ్వొక్క మాటతోని ఇడిసిపెట్టొస్తివి."

కర్రెగాడు పడవ దిగలేదు. నాన్న దాని మెడకు తాడు వేసి లాగితే ఆయన చేయీ కరిచింది. "ఉండనియ్యి, దాన్నన్న ఉండనియ్యి" అంది అమ్మ. సిరిసిల్లలో సాంచెల చప్పుడు మధ్య కూర్చుని బీడీలు చుట్టింది కానీ, బతికినన్నాళ్ళూ మళ్ళీ చేప వండలేదు.

మొన్న ఒక పెళ్ళికి అటు వెళ్ళాను. మడుగులన్నీ ఇప్పుడు ఎవరో కాంట్రాక్టరువి. పడవల మీద కాపురాలు లేవు. లస్మయ్య మనవడు "అక్కా, చాయ్ తాగి పో" అని ఎంత మర్యాదగా పిలిచాడో… పాపం, వాడికేమీ తెలియదు. అయినా నేను తాగలేదు. నాకు కోపం పోలేదు, పోవాలని కూడా లేదు.

అప్పుడు వెలేస్తే డప్పు కొట్టి చెప్పేవాళ్ళు. ఇప్పుడు చప్పుడు లేకుండా గ్రూపులోంచి తీసేస్తున్నారు…

పదిమందీ కలిసి మిమ్మల్ని పక్కకు నెట్టేసినప్పుడు మీ వైపు నిలబడింది ఎవరు? కింద రాయండి, చదువుతాను. మా అమ్మకైతే… కుక్క ఒక్కటే.