పొట్లం కాగితం

ఎనిమిదో తరగతిలో ఉండగా నాకు అన్నం సయించడం మానేసింది. కారణం ముందు బెంచీలో కూర్చునే కొల్లేటి లంక అమ్మాయి. ఏలూరులో మేనత్త ఇంట్లో ఉండి చదువుకునేది. ఆమె వెనక్కి తిరిగి చూస్తే నాకు ఎక్కాలు కూడా గుర్తుండేవి కావు. మా నాయనమ్మ మాత్రం ఇది ఒంట్లో వేడి అని తేల్చి, వరసగా రెండు ఆదివారాలు ఆముదం పట్టించింది. వేడి తగ్గిందేమో గానీ ప్రేమ చెక్కుచెదరలేదు.

గుండె బరువు దింపుకోవడానికి సోషల్ నోట్సు చివరి పేజీలో పన్నెండు వాక్యాలు రాసుకున్నాను. పైన ఆమె పేరు, కింద నా పేరు. ఆమెకి ఇవ్వడానికి కాదు, అంత ధైర్యం నాకెక్కడిది!

మాది కిరాణా కొట్టు. పరీక్షలు అవగానే పిల్లల పాత నోట్సులన్నీ కొట్లోకి వెళ్లిపోవడం మా ఇంటి ఆనవాయితీ. చింతపండుకీ మిరపకాయలకీ పొట్లాలు కట్టేది ఆ కాగితాలతోనే. ప్రేమలో పడ్డ నాకు ఆ సంగతి, నా అల్మారా ఖాళీగా కనిపించాక గానీ గుర్తు రాలేదు.

పైగా ఆ అమ్మాయి తండ్రి చేపలు అమ్ముకుని వెళ్తూ వారం వారం సరుకులు కొనేది మా కొట్లోనే. ఆ పేజీ ఆయన చేతిలో పడితే కూతురి చదువు మాన్పించేస్తాడని వణికిపోయాను. నా వీపు సంగతి ఆ తరవాత.

తాడేపల్లిగూడెం మామయ్య ఇంటికి వెళ్లను, సెలవులన్నీ కొట్లోనే కూర్చుంటానన్నాను. అమ్మ నా నుదురు పట్టుకు చూసింది. నాన్న పక్కన చోటు చూపించాడు. ప్రతి కాగితం రెండు వైపులా చూశాకే పొట్లం కట్టేవాణ్ణి. మొదటి వారం నా పొట్లాల్లోంచి జీలకర్ర దారంతా కారింది. నెల తిరిగేసరికి చెయ్యి కుదిరింది. ఆకలి ఎప్పుడు తిరిగొచ్చిందో నేను గమనించనే లేదు. నాయనమ్మ ఆ ఘనతంతా ఆముదానికే కట్టబెట్టింది.

ఆమె తండ్రి కూడా ఓసారి మెచ్చుకున్నాడు. "ఏవండీ, మీ అబ్బాయి పొట్లం కడితే లంకదాకా ఊడదండీ," అన్నాడు నాన్నతో. నేను మాత్రం ఆయన చేతిలోని పొట్లాల మీది రాతనే చూస్తున్నాను.

సెలవుల ఆఖరి రోజున కాగితాల కట్ట అయిపోయింది. నా పేజీ దొరకలేదు. ఏడుపు ఆపుకుంటూ కూర్చున్నాను. నాన్న గల్లాపెట్టె తెరిచి, నాలుగు మడతల కాగితం నా చేతిలో పెట్టాడు.

"మొదటి రోజే తీసి దాచానురా."

"మరి చెప్పలేదేం నాన్నా?"

"చెబితే కొట్లో కూర్చునేవాడివా?" అన్నాడు. గల్లాపెట్టె మూస్తూ, "నాయనమ్మకి చెప్పనులే, మళ్లీ ఆముదం పోస్తుంది," అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. కానీ ఆ రోజు నాన్న మీద కలిగినంత ప్రేమ నాకు మళ్లీ ఎవరిమీదా కలగలేదు.

బడి తెరిచిన రోజు ఆ అమ్మాయి నా బెంచీ దగ్గర ఆగింది. ఏడాదిలో నాతో మాట్లాడటం అదే మొదలు.

"నువ్వు పొట్లాలు బాగా కడతావంటగా, మా నాన్న చెప్పాడు."

పన్నెండు వాక్యాలు రాసినవాణ్ణి. రెండు నెలల కొట్టు అలవాటులో, నిలబడి చేతులు కట్టుకుని మరీ అన్నాను:

"అవునండీ. ఇంకేం కావాలండీ?"