పాస్కా రావద్దని మొక్కిన ఇల్లు

ప్రభువులో నా అన్నలారా, అక్కలారా, నా పేరు ఇన్నయ్య. తెలంగాణ వచ్చిన కొత్తల నార్కట్‌పల్లి అడ్డా కాడ లారీలకు పంచర్లు ఏసే దుకాణం పెట్టుకున్న. మైకు పట్టుకునుడు నాకు అలవాటు లేదు, అయినా దేవుడు నాకు చేసిన మేలు కడుపులనే దాసుకుంటె గది సుత దొంగతనమే అయితదని నిలబడ్డ. నా చీకటి దినాలు ఎట్లుండెనంటే, పొద్దుగాల కల్లు, పొద్దు గూకినంక సీసా, ఇంటికొచ్చి అన్నం పళ్ళెం గోడకు కొట్టుడు, నా భార్య శౌరమ్మ మీద చెయ్యెత్తుడు, నా బిడ్డ రోజ నా చెప్పుల సప్పుడు ఇనంగనే పక్కింట్ల దాక్కునుడు. ఇన్నయ్య తాగుబోతని ఊరందరికి ఎరుకే. ఎరుక లేనిది ఇన్నయ్యకొక్కనికే.

ఎందుకు ఎరుకలేదో చెప్తున్న, నవ్వకుండ్రి. నన్ను మోసం చేసింది సైతాను కాదు సహోదరులారా, పాస్కా పండుగకు ముందు నలభై దినాలు నేను పట్టే ఉపాసం, నా తపస్కాలమే. ఉపాసాలు మొదలయ్యే విభూది బుధవారం నాడు ఫాదర్ నొసట బూడిద పెట్టంగనే నేను వేరే మనిషినైతుంటి, ఒక్కపూట తిండి, నీసు ముట్టుడు లేదు, కల్లు సుక్క నాలిక మీద ఏసుకునుడు లేదు, ప్రతి శుక్రవారం సిలువ మార్గానికి అందరికన్న ముందే గుడికాడ ఉంటుంటి. మొదటి వారం చేతులు గడగడ వణికితే, ఉపాసం చేసీ చేసీ ఇన్నయ్య ఎట్లయిపోయిండో సూడుండ్రని పెద్దమనుషులు మెచ్చుకుంటుండె, నేనూ అది ఉపాసపు నీరసమే అనుకుంటుంటి. ఎవడన్న తాగుబోతంటె ఒక్కటే మాట, తాగుబోతైనోడు నలభై దినాలు ఆగుతడా? గా మాటకు మల్ల ఎదురు లేకుండె. మారుమనసు పొందమని తల్లి శ్రీసభ ఇచ్చిన దినాలను పట్టుకొని, నాకు మారే పనే లేదని సాక్ష్యం తయారు చేసుకున్న. పాస్కా, అంటే ప్రభువు సమాధిల నుంచి లేసిన పండుగ నాడు, పూజ ఒడుసుడే ఆలస్యం, నేను సక్కగ కల్లు కాంపౌండుకు పోయి నలభై దినాల దూప ఒక్కపూటల తీర్సుకుంటుంటి.

పాస్కాకు ముందటి పవిత్ర వారం రాంగనే శౌరమ్మ మా పెండ్లినాటి గాజు పళ్ళాలను తువ్వాలల సుట్టి అటుక మీద పెడుతుండె, శనివారం నాడు బిడ్డ రోజను తీస్కపోయి నల్లగొండల వాళ్ళ అవ్వకాడ దించుతుండె. పండుగకు తల్లిగారిల్లు యాదికొస్తుందేమో అనుకున్న గని, నా గురించే అని ఒక్కనాడు తోచలే.

మా ఊర్ల గుడ్ ఫ్రైడే నాడు సిలువ మార్గం గుడి నుంచి గుట్ట దాక పద్నాలుగు స్థలాల కాడ ఆగుకుంట పోతది, ఉపాసం మంచిగ చేసినోనికి సిలువ మోసే భాగ్యం ఇస్తరు, అది యేటేటా నాకే. ఎనిమిదో స్థలం కాడ, అంటే ప్రభువు ఏడుస్తున్న తల్లులతోని మాట్లాడిన కాడ, మాకొక ఆచారముంది. ఊరి ఆడోళ్ళు ఒక్కొక్కరే వచ్చి సిలువ మాను పట్టుకొని తమ దుఃఖం మెల్లగ చెప్పుకుంటరు, మోసేటోడు సిలువ దించొద్దు, మాట్లాడొద్దు. నేను మారిన యేడు ఒకామె బోరుల నీళ్ళడిగింది, ఒకామె కొడుక్కు సంబంధం అడిగింది. ఆ తర్వాత శౌరమ్మ వచ్చింది. మాను నా చెవికి ఆనుకొనే ఉన్నది.

"ప్రభువా, తపస్సు దినాలు ఒడుస్తున్నయి. నువ్వు లేస్తవని ఊరంత సంబురపడ్తాంది, నాకేమో భయమైతాంది. నువ్వు లేసిన్నాడే మా ఆయన పడిపోతడు. పాపమైతే నన్ను క్షమించు, గని గీ యేడు పాస్కా రానియ్యకు. నా బిడ్డ పండుగనాడు ఇంట్ల అన్నం తినక ఎన్నేండ్లయిందో నీకు ఎరుకే గదా."

సహోదరులారా, లోకమంత ప్రభువు లేవాలని చూస్తుంటె నా ఇంట్ల మాత్రం ఆయన లేవొద్దని మొక్కుతున్నరు, అట్ల మొక్కేటట్టు చేసింది నేను! కండ్లు నిండి తొవ్వ కనపడలే. ఎనుకనుంచి ఎవరో, ఇన్నయ్య భక్తి సూడుండ్రి అన్నరు. యేటేటా ఆ మాట నాకు తియ్యగుంటుండె, ఆనాడు కారం తిన్నట్టయింది. గుట్ట మీద సిలువ దించి సక్కగ ఫాదర్ కాడికి పోయి పాపాలు ఒప్పుకునేతందుకు మోకాళ్ళూనిన. ప్రతియేడు అబద్ధమాడిన, కోపపడ్డ అని చిన్నచిన్నయి చెప్పి లేస్తుంటి, ఆనాడు ఒక్కటే చెప్పిన, ఫాదర్, నేను తాగుబోతును. ఆయన నా తల మీద చెయ్యి పెట్టిండు. "ఇన్నయ్యా, ఇన్నేండ్ల సంది నువ్వు తాగుడు ఇడ్సిపెట్టలే, తాగుడుకు సెలవులిచ్చినవ్. పాపక్షమాపణ నేను చెప్త, దవాఖానకు మాత్రం నువ్వే పోవాలె" అన్నడు.

ఇంటికొచ్చి శౌరమ్మకు చెప్తే ఆమె నమ్మలే, ఎందుకు నమ్మాలె? పళ్ళాలు అటుక మీదనే ఉన్నయి, తెల్లారి శనివారం రోజ నల్లగొండ పోయింది. సిలువ కాడ నువ్వు మొక్కింది నాకు ఇనపడ్డది, నీకు ఎరుకేనా అని అడిగిన. "నువ్వింటవని అనలే, ప్రభువు ఇంటడని అన్న" అన్నది. పాస్కా నాడు ఇంట్ల తలుపేసుకొని, ప్రభువా, ఇయ్యాల నేను లేవకుంటె ఇగ ఎన్నడు లేవ అని నేల మీద పడి ఏడ్సిన. తెల్లారి దవాఖానకు పోయిన, గోళీలిచ్చిండ్రు, కూసోబెట్టి మాట్లాడిండ్రు, మల్లమల్ల రమ్మన్నరు, పోయిన.

ఒక్కసారే బాగైన అని చెప్తే అబద్ధమైతది. వానకాలం ఒక సుట్టపోళ్ళ పెండ్లిల మల్ల తాగి పడిపోయిన. గని ఆనాడు ఇంటి ఆకిట్ల నిలబడి, తాగిన శౌరమ్మ, నాకు ఒక్క సుక్క సుత పనికిరాదు అని నా నోటితోనే చెప్పిన. ఆమె లొల్లి పెట్టలే, పొయ్యి మీద నీళ్ళు కాగబెట్టింది. నా మాట మొదటిసారి నమ్మింది ఆనాడేనట, తర్వాత చెప్పింది. పంచర్ ఏసేటోన్ని, టైరుల మొల ఉంచి గాలి కొడ్తే లారీ ఎంత దూరం పోతదో నాకు ఎరుకుండాలె. నా బతుకుల మాత్రం యేటేటా గాలే కొట్టిన. గా మొల పీకింది ప్రభువే, ఆయనకే స్తోత్రం.

మరుసటేడు పాస్కాకు రోజ ఇంట్లనే ఉన్నది, పళ్ళాలు మాత్రం అటుక మీదనే ఉన్నయి. మొన్న విభూది బుధవారం నాడు గుడి నుంచి వచ్చినంక, నొసట బూడిదతోనే జొన్నపిండి పిసుక్కుంట శౌరమ్మ నన్నడిగింది, "ఏమయ్య, పాస్కా ఇంకెన్నొద్దులకు?" పాస్కా రావద్దని మొక్కిన నోటెంట ఆ మాట ఇని నేను దుకాణం ఎనుకకు పోయి కడుపునిండ ఏడ్సిన. ఎన్నేండ్ల బరువో దిగిపోయింది.

మీల ఎవరన్న, నేను ఎప్పుడంటె అప్పుడు ఇడ్సిపెడ్త అని ధైర్యంగ ఉన్నోళ్ళుంటె, మీ ఇంటోళ్ళు దేవునికి ఏం చెప్పుకుంటున్నరో ఒక్కసారి ఇనుండ్రి, ఇన్నంక సిగ్గుపడకుండ ఆయన కాళ్ళ మీద పడుండ్రి, ఆయన తోసెయ్యడు. ఈ పాస్కాకు మీరందరు మా ఇంటికి రావాలె. పళ్ళాలు కిందికి దిగినయి, రోజ వాటిల్లనే మీకు అన్నం పెడ్తది. దేవునికే మహిమ.