ఏసీ రిపేరు నేర్చుకుని వచ్చాను

పన్నెండో తరగతి పాసై రెండేళ్లు ఇప్పపూలు ఏరుకుంటూ గడిపాక, సుక్మాలో ఉచితంగా పని నేర్పే కేంద్రానికి వెళ్లాను. నేను అడిగింది కుట్టుపని. అందులో సీట్లు నిండిపోయాయి. మిగిలింది ఏసీ రిపేరు ఒక్కటే. మూడు నెలలు నేర్చుకుని, లామినేషన్ చేసిన సర్టిఫికెట్‌తో గొల్లపల్లి దగ్గరి మా ఊరికి తిరిగొచ్చాను.

మా నాయిన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మంచిగుంది బిడ్డా. మరి మనూళ్ల ఏసీ ఎవలింట్ల ఉంది?"

ఎవరింట్లోనూ లేదు. మా ఊళ్లో గాలి వీస్తే కరెంటు పోతుంది. వీయకపోయినా పోతుంది.

అందుకని కోంటా వెళ్లి, రాష్ట్రం సరిహద్దు దాటి పోయే భద్రాచలం బస్సెక్కాను. అక్కడొక రిపేరు షాపు యజమాని నా సర్టిఫికెట్ చూసి తలూపాడు. తర్వాత కస్టమర్ల ఫిర్యాదుల పుస్తకం చేతికిచ్చి, మొదటిది చదవమన్నాడు. నేను బొమ్మలు చూసినట్టు చూస్తూ కూర్చున్నాను.

"ఏందమ్మా, ఇంత మంచిగ తెలుగు మాట్లాడుతున్నవ్, చదవరాదా?"

"మా బడి హిందీ సార్. హిందీల అయితే రాస్త."

"రాస్తే ఇక్కడ చదివేదెవరు?"

టీ తాగించి పంపాడు. బస్సులో ఆలోచించాను. తెలుగు, హిందీ, గోండీ, దోర్లీ: నాలుగు భాషల్లో ఉద్యోగం అడగగలను, నాలుగింటిలోనూ లేదనిపించుకోగలను. నవ్వొచ్చింది. వెనకే కొంచెం ఏడుపూ వచ్చింది. పక్కనున్నామె గుప్పెడు పల్లీలు పెట్టింది.

కోంటాలో దిగి కూల్‌డ్రింక్ కొంటే సీసా వెచ్చగా ఉంది. ఫ్రిజ్ ఆగి నాలుగు రోజులైందని, జగదల్‌పూర్ మిస్త్రీ రేపు రేపంటున్నాడని దుకాణం ఆమె విసుక్కుంది. ఏసీకీ ఫ్రిజ్‌కీ లోపలి సంగతి ఒకటే.

"నేను చూడనా అక్కా?"

"ఖరాబు చేస్తే?"

"ఇప్పటికే ఖరాబైంది గదా."

ప్లగ్గు పీకి వెనక చూస్తే, ఎలుక కొరికిన తీగ. అతికించి టేపు చుట్టి, ప్లగ్గు మళ్లీ పెట్టాను. మోటారు గుర్రుమని లేచింది. ఆమె లోపల పెట్టిన చెయ్యి చల్లదనం తగిలేదాకా తీయలేదు.

ఇప్పుడు ఎండాకాలమంతా చుట్టుపక్కల దుకాణాల నుంచి పిలుపులొస్తాయి. వానలు పడ్డాక నేనెవరికీ గుర్తుండను, పొలానికి పోతాను. మొన్న సర్వేకి వచ్చినాయన నన్ను 'బేరోజ్‌గార్' అని రాసుకోబోతే, కాదన్నాను.

"నెలనెలా జీతముందా?" అన్నాడు.

లేదన్నాను. పని లేని వాళ్లలోనే రాసుకున్నాడు. నాయిన మాత్రం ఆయన్ను ఊరికే పోనీయలేదు. "మీ ఇంట్ల ఫ్రిజ్ ఉంటే మా బిడ్డకు చెప్పుండ్రి సార్" అని, ఆ కాగితం అంచునే నా ఫోన్ నంబరు రాయించాడు.