బాపు చేసిన కాలి మెట్లు

మా చిన్నప్పుడు... బొగ్గుగని క్వార్టర్స్‌లో, ఓ ఏడాది క్రిస్మస్ సెలవులన్నీ మా వాకిట్లో సుత్తి చప్పుడే. మొదటి షిఫ్టు దిగి వచ్చిన బాపు, అదే మా నాన్న, అన్నం తిన్న చెయ్యి ఆరకముందే చెక్కల ముందు కూర్చునేవాడు.

నేను అప్పుడు తొమ్మిదో తరగతి. కరీంనగర్‌లో కాన్వెంటు హాస్టల్లో ఉండి చదువుకునేదాన్ని. సెలవులు అయిపోగానే స్కూల్ డే. పాటల బృందానికి సింథసైజర్ వాయించేది నేను. కుడిచేత్తో పాట, ఎడమచేత్తో దానికి తోడు స్వరాలు... కానీ అడుగున గుమ్మని మోగాల్సిన మంద్రానికి మూడో చెయ్యి లేదు.

మ్యూజిక్ సిస్టర్ ఒక పాత పత్రికలో బొమ్మ చూపించింది. ఒకాయన కాళ్ళ కింద హార్మోనియం మెట్లలాంటి చెక్కమెట్లు పెట్టుకుని పాదాలతో మంద్రం వాయిస్తున్నాడు. "ఇలాంటిది దొరికితే సరే. లేకపోతే క్యాసెట్ పెట్టుకుందాం. నువ్వు ముందు వరుసలో నిలబడి పాడు" అంది.

ముందు వరుస! తరగతిలో హాజరు పలకడానికే నోరు పెగలదు నాకు. వాయిద్యం వెనక ఉన్న ఆ కుర్చీ ఒక్కటే నా చోటు. అది పోతే...?

బాపు గనిలో ఎలక్ట్రీషియన్. అడగడానికి రెండు రోజులు గుమ్మంలో తచ్చాడాను. చివరికి చెబితే విని, "కాళ్లతోటి వాయించుడేంది బిడ్డా... సరే, బొమ్మ గియ్యి" అన్నాడు.

మా మామ దుబాయ్ నుంచి తెచ్చిన చిన్న కీబోర్డు ఒకటి ఇంట్లో ఉండేది. సూట్‌కేసులో నలిగి మెట్లు విరిగాయి గానీ, లోపల ప్రాణం ఉంది. బాపు దాన్ని విప్పాడు. పెట్టెచెక్కలతో ఎనిమిది కాలి మెట్లు కోశాడు. ఒక చివర మడతబందు, ఇంకో చివర కింద స్ప్రింగు, దాని పక్కన కాలింగ్ బెల్ బటను. ఒక్కో బటను నుంచి కీబోర్డులోని ఒక్కో స్వరానికి తీగ.

అవ్వకు, అదే మా అమ్మకు, నచ్చలేదు. "సరస్వతిని కాళ్లకింద ఏస్తరా? జర భయముండాలె తండ్రీబిడ్డలకు!"

"మరి నువ్వు కుట్టుమిషను చేతులతోటి తొక్కుతున్నవా?" అన్నాడు బాపు.

అవ్వ లేచింది. వెళ్ళి కుంకుమ తెచ్చి చెక్కకు బొట్టు పెట్టింది. "మొక్కి కాలుపెట్టు" అంది నాతో.

అయిపోయిన రోజు బాపు మా క్వార్టర్ల లైన్లో అందరినీ పిలిచాడు. "మా బిడ్డ కాళ్లతోటి వాయిస్తది, వచ్చి సూడుండ్రి!" వాకిలి నిండిపోయింది. మొక్కి, ఎడమ చివరి మెట్టు నొక్కాను.

సన్నగా కీచుమంది.

కుడి చివరిది నొక్కితే... గుమ్మ్‌మని ఇల్లంతా మోగింది.

తలకిందులు! తీగలు అతికేటప్పుడు బాపు చెక్కను బోర్లించి పెట్టుకున్నాడు. నిలబెట్టాక ఎడమ కుడైంది. పోనీ చెక్కనే అటుదిటు తిప్పుదామంటే మడతబందుల వైపు నాకు వస్తుంది, అక్కడ ఎంత తొక్కినా మోగదు.

"ఎట్లున్నది బిడ్డా?" అందరి మధ్యా నిలబడి అడుగుతున్నాడు... చేతివేళ్ళకు తీగలు అతికినప్పుడు కాలిన బొబ్బలు.

"మంచిగుంది బాపూ."

ఇక ఆ మిగిలిన సెలవులు... కుదురు లేదు. బల్లనే సింథసైజర్ అనుకుని వాయిస్తూ, చేతులు ఎడమకు దిగుతుంటే కాళ్ళు కుడికి దిగాలి. సగం పాటలో పాదం పొరపాటున అలవాటైన వైపే పోయేది. అన్నం తింటున్నా, పుస్తకం చదువుతున్నా, నీళ్ళకు నల్లా దగ్గర నిలబడ్డా కాళ్ళు నేలమీద తడుముకుంటూనే ఉండేవి.

"గిదేంది, కాలుగాలిన పిల్లిలెక్క తిరుగుతున్నవ్? కడుపుల నొస్తుందా?" అని అవ్వ. ఆమెకూ చెప్పలేదు. చెబితే బాపుకు తెలుస్తుంది. తెలిస్తే నిద్ర మానుకుని మళ్ళీ మొదలుపెడతాడు.

స్కూల్ డే నాడు బాపే దాన్ని బస్సు మీద కట్టించుకుని తెచ్చాడు. తెర లేచింది. మొదటి చరణం సరిగ్గానే నడిచింది. రెండో చరణంలో పాదం తప్పింది, సన్నగా కీచుమంది... ముందు వరుసలో ఒకమ్మాయి తిరిగి చూసింది. కాలు కుడికి జరిపాను. గుమ్మ్‌... పాట నిలబడింది.

మర్నాడు స్కూలుకు సెలవు కావడంతో ఆ రాత్రి బస్సులో బాపుతో ఇంటికి బయల్దేరాను. సుల్తానాబాద్ దాటాక మెల్లగా అన్నాడు...

"మోటుగ మోగినప్పుడల్ల నీ కాలు కుడిదిక్కు పోతున్నది. తలకిందులు చేసిన గద నేను?"

నేను కిటికీ వైపు చూశాను.

"ముందుగాల చెప్తే మార్చకపోదునా?"

"నువ్వు అందర్ని పిలిచినవ్ గద బాపూ..."

బాపు ఒక్కసారిగా నవ్వాడు. "లైనంత వచ్చి సూసిండ్రు, ఒక్కనికన్న తెల్వలే! పో... రేపు ఇప్పి సరిజేస్త."

"వద్దు బాపూ. ఇగ మళ్ల నేర్చుకునుడు నాతోని కాదు."

బాపు నా తలమీద చెయ్యి వేశాడు. తీయలేదు. ఎప్పుడు నిద్రపోయానో తెలియదు.

పదో తరగతి అయ్యేదాకా దాన్ని అట్లాగే వాయించాను. ఇప్పుడు ఫోన్‌లో వేలు పెడితే ఏ మంద్రమైనా మోగుతుంది. కొన్న వస్తువు రవ్వంత తేడాగా ఉన్నా మర్నాడే తిరిగి పంపేస్తాం, ఎవరు చేశారో కూడా తెలియదు కనుక...

మీ ఇంట్లోనూ ఉండేదా, ఎవరో మీకోసం తప్పుగా చేసి ఇస్తే, దానికి తగ్గట్టు మీరే మారిపోయిన వస్తువు? ఏమిటది?