అమ్మాజీ గారి గేటు, అండాలమ్మ వావిలి

అడక్కుండా నాటిన చెట్టు ఎవరిదవుతుంది? నాటిన మనిషిదా, నీళ్ళు పోసిన మనిషిదా? కొత్తపేటలోని ఆ గల్లీలో ఆరేళ్ళుగా ఈ సంగతి తేలలేదు. ఇక తేలుతుందన్న నమ్మకమూ లేదు.

చెట్టంటే పెద్ద చెట్టేం కాదు, వావిలి పొద. పల్లెల్లో వాగుల వెంట, చేల గట్ల మీద దానంతటదే పెరుగుతుంది. ఆ ఘాటుకు మేకలు కూడా మూతి తిప్పుకుంటాయి. అలాంటి దాన్ని తెచ్చి అమ్మాజీ గారి గేటు పక్కన, నందివర్ధనానికీ ముద్దమందారానికీ నడుమ, గుచ్చి పోయింది అండాలమ్మ.

అండాలమ్మది నల్లగొండ పక్క పల్లె. భర్త జానయ్య పండ్ల మార్కెట్లో హమాలీ. మార్కెట్ ఊరవతలికి పోతే ఆయన దాని వెంట పోయాడు. ఆమె మాత్రం కదల్లేదు. కదిలితే బాలింతలకు నీళ్ళెవరు పోస్తారు? దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ దాకా ఏ ఇంట పురుడొచ్చినా పదకొండు రోజులు ఆ ఇంట్లో ఆమెదే రాజ్యం. వావిలాకు మరగబెట్టిన నీళ్ళు చెంబుతో నడుం మీద కొట్టికొట్టి పోస్తుంది. ఆరేళ్ళ కిందట పురిటికొచ్చిన అమ్మాజీ గారి అమ్మాయి విజయదుర్గ మొదటి రోజు కేకలు పెట్టింది. రెండో రోజు తెల్లారకముందే, "అమ్మా, ఆవిడ ఇంకా రాలేదేం?" అని గేటు వైపు చూసింది. మూసారాంబాగ్ అవతల ఏటి గట్టున ఆకు దొరకడం కష్టమైపోతోందని, ఆ పదకొండు రోజుల్లోనే అండాలమ్మ నాలుగు కొమ్మలు పాతేసింది. అడిగితే అమ్మాజీ గారు వద్దనేవారే. అందుకే అడగలేదు కాబోలు.

రెండేళ్ళలో పొద నందివర్ధనాన్ని మింగేసింది. అప్పట్నుంచి ఆ ఇంటికి శాంతి లేదు. పొద్దున్నే బెల్లు. తలుపు తీస్తే ముఖమెరగని కుర్రాడు సంచి పట్టుకుని, "అండాలమ్మ పంపింది, ఆకు కావాల్నట" అంటాడు. అమ్మాజీ గారిది తణుకు. పాలవాడు కూడా తనను "అండీ" అనాలి ఆవిడకు. అండాలమ్మ నోట "నువ్వు" తప్ప రాదు. పైగా పొద పూతకొచ్చే వేళకు వచ్చి నిలువునా కోసేసి, "పూయనియ్యకు, ఆకుల బలం పోతది" అని ఆజ్ఞాపించి మరీ పోయేది. ఆరేళ్ళు నీళ్ళు పోసి, దాని పువ్వు ఏ రంగో ఆవిడ ఎరగరు.

పీకించేద్దామనే అనుకున్నారు. కిందటేడు వినాయక చవితికి రైతు బజారు నుంచి పత్రి కట్ట తెచ్చుకుంటూంటే ఎదురింటి బాపిరాజు గారు అడ్డం పడ్డారు. వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి.

"సింధువార పత్రం గేటు దగ్గర పెట్టుకుని బజారుకెళ్తారేమిటండీ? వావిలే కదా అది!"

నలభై ఏళ్ళుగా చవితి పూజలో సింధువార పత్రం అని చదువుతూ చేతికందిన ఆకేదో వేస్తున్న ఆవిడకు తల కొట్టేసినట్టయింది. ఈ ఏడు మాత్రం సొంత పొద ఆకు, ఆ పువ్వూ స్వామికి పెట్టి తీరాలనుకున్నారు. శ్రావణం రాగానే గేటుకు తాళం వేశారు. బెల్లు మోగినా పలకలేదు. పొద పూసింది. సన్నటి నీలిపూల కంకులు. చూడ్డానికి గొప్పగా ఏమీ లేవు. అయినా రోజూ రెండుసార్లు వెళ్ళి చూసి వచ్చేవారు.

చవితి పొద్దున ఆరింటికి అండాలమ్మే స్వయంగా దిగింది, చేతిలో కొడవలితో.

"గిదేంది, తాళమేసినవ్? నేనేమన్న దొంగనా?"

"పండగపూట అరవకు. పూజయ్యాక రా, ఇస్తాను."

"పూజెప్పుడైతది?"

"పదిన్నరకు."

"పదిన్నరకా! ఎల్బీ నగర్ల మధు పెండ్లానికి ఇయ్యాల పదకొండొద్దులు. సంతోష అని, పసిపోరి. పచ్చి ఒళ్ళు. పదొద్దులు ఏటి గట్టు ఆకుతోనే ఎల్లదీసిన, ఇగ ఆడ గూడ లేదు. ఆడ కాగుల నీళ్ళు మసులుతున్నయ్. ముప్పయ్యేండ్లల్ల ఒక్కతాన ఆకు లేకుంట నీళ్ళు పోయలే నేను. ఇయ్యాల పోస్తె రేపు నన్నెవ్వలు పిలుస్తరు?"

"ఆ మాట నిన్న చెప్పొచ్చుగా?"

"నిన్న మూడుసార్లు బెల్లు గొట్టిన! లోపల టీవీ చప్పుడు ఇనవడ్తనే ఉండె."

అమ్మాజీ గారు మాట మార్చారు. "ఒక్క ఏడాది దాన్ని పూయనిస్తే నీ సొమ్మేం పోయిందే?"

"పూలు జూసుకుంట కూసుంటె బాలింత నడుం నొప్పి పోతదా? జర తియ్యమ్మా, పరేషాన్ జెయ్యకు. ఆటో దొరకాలె మళ్ళ."

లోపల కుక్కర్ మూడో కూత వేసింది. ఉండ్రాళ్ళు చితికిపోతాయన్న కంగారొకటి, ఆ పిల్ల నూనె జుట్టుతో పీట మీద కూర్చుని ఎదురుచూస్తోందేమో అన్న పీకులాటొకటి. అమ్మాజీ గారు విసురుగా తాళం తీశారు.

"కోసుకో! పువ్వుల్లో ఒక్కటి రాలినా ఊరుకోను, చెప్తున్నా!"

స్టవ్ కట్టేసి, ఉండ్రాళ్ళు పళ్ళెంలోకి తీసి, చేయి తుడుచుకుని వచ్చేసరికి పది నిమిషాలు కూడా కాలేదు.

పువ్వుల్లో ఒక్కటి రాలలేదు. ప్రతి కంకీ ఉన్నచోటే ఉంది. ఆకు మాత్రం ఒక్కటి లేదు. కొమ్మ కొమ్మనా దూసేసింది. రెమ్మలు బోసిగా నిలబడ్డాయి, వాటి కొసన నీలిపూలు ఊగుతున్నాయి. స్వామికి కావలసింది పత్రం. ఆ మాట తాను చెప్పలేదన్నది అమ్మాజీ గారికి అప్పుడు తట్టింది.

"అండాలమ్మా!"

గేటు బార్లా తెరిచి ఉంది. ఎదురరుగు మీద బాపిరాజు గారు పేపరు దించారు.

"ఇప్పుడే ఆటో ఎక్కిందండీ, ఇంత మూట ఒళ్ళో పెట్టుకుని."

"ఏమైనా చెప్పమందా?"

"లేదండీ. నా వైపు చూడనైనా లేదు."

అమ్మాజీ గారు చెప్పులైనా లేకుండా గల్లీ మొదటిదాకా నడిచారు. మెయిన్ రోడ్డు మీద ఆటోలు చాలానే పోతున్నాయి, అన్నీ ఎల్బీ నగర్ వైపే.